పూస చల్లారేలోగా

నూట పద్దెనిమిది. బట్టీ ముఖం మీద ఎర్రగా వెలిగే ఆ అంకెలు చూస్తున్నంతసేపూ కదలవు, చూపు పక్కకు తిప్పగానే ఒకటో రెండో దిగి, తమకేమీ తెలియనట్టు మళ్ళీ నిలబడిపోతాయి. వేడి యాభై డిగ్రీలకు దిగేదాకా తలుపు తెరవకూడదు. ఆ మాట గ్లెనిస్‌కి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పదహారేళ్ళప్పుడు స్టౌర్‌బ్రిడ్జిలో ఒక గాజు కార్ఖానాలో వైను గ్లాసులకు కాగితం చుట్టే పనికి కుదిరిన నాటినుంచి, ఆ కార్ఖానా మూతపడ్డాక పెరట్లో ఈ చెక్క షెడ్డు వేయించుకుని, చచ్చిపోయిన కుక్కల బూడిదా పిల్లుల బూడిదా గాజుపూసల్లో పొదిగి వాటి మనుషులకు పంపే పని పెట్టుకున్నదాకా, నలభై అయిదేళ్ళుగా ఆమె చేసిందల్లా గాజు చల్లారడం కోసం కాచుకోవడమే. కరిగించడం ఎవడైనా చేస్తాడు, చల్లార్చడమే విద్య, అనేవాడు కార్ఖానాలో పెద్దమేస్త్రి. తొందరపడి తలుపు తీస్తే చల్లగాలి తగిలి పూస రెండవుతుంది. తీయకపోయినా రెండవ్వచ్చు, ఇప్పటికే అయి ఉండవచ్చు, ఆ ఇటుకల మధ్య చీకట్లో రెండు ముక్కలుగా పడి ఉండవచ్చు, ఈ ఎర్ర అంకెలు ఆ ముక్కల వేడినే బుద్ధిగా చెబుతూ ఉండవచ్చు. గంట మూడయింది. నాలుగింటి బస్సుకు హోరేస్ ట్రాంటర్ వస్తాడు.

కుక్కయితే ఇంత భయం ఉండేది కాదు. కుక్కను దహనం చేస్తే డబ్బాడు బూడిద వస్తుంది, అందులోంచి ఒక్క చెంచాడు పంపమంటుంది తను, పూసకు అందులో సగం కూడా పట్టదు, మిగిలింది అదే పొట్లంలో కట్టి, బూడిద పరిచే పలకను తుడిచిన కుంచెతో సహా తిరిగి పంపేస్తుంది. ఒకదాని కుంచె ఇంకొకదానికి వాడదు. పూస పగిలితే మిగిలిన బూడిదతో ఇంకోటి చేస్తుంది, చేసింది కూడా రెండు మూడుసార్లు, ఎవరికీ చెప్పకుండా. కానీ పెర్సీ కుక్క కాదు, అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ బుల్లి చిలక. ఈకలూ ముక్కూ గోళ్ళూ అంతా కలిపి దాని బూడిద అర చెంచా. దాన్ని పుదీనా బిళ్ళల రేకుడబ్బాలో పోసుకుని, పోస్టును నమ్మక, రెండు బస్సులు మారి హోరేస్ స్వయంగా తెచ్చి ఇచ్చాడు. "అంతా వేసెయ్ అమ్మాయ్. సగం డబ్బాలో సగం పూసలో అంటే వాడు ఒప్పుకునే రకం కాదు" అన్నాడు. ఆయనకు ఎనభై నాలుగు, ఆమెకు అరవై ఒకటి. ఆమెను అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ మిగల్లేదు. అంతా వేసేసింది. పొద్దున్న తొమ్మిదింటికి, ఉక్కు పుల్ల చివర నీలిగాజును ముద్దగా చుట్టి, ఎర్రగా ఉండగానే నల్లపలక మీద పరిచిన ఆ అర చెంచాలో దొర్లించి, పలక మీద నలుసు కూడా మిగలకుండా మళ్ళీ దొర్లించి, పైన రంగులేని గాజును కరిగించి తేనెలా పోసి కప్పింది. నేరేడుపండంత పూస తేలింది. చూడ్డానికి బాగుంది. ఆ రంగులేని గాజు దగ్గరే వచ్చింది తంటా.

బల్ల మీద రంగులేని కడ్డీలు రెండున్నాయి. రెండూ సగం వాడినవే, రెండింటి కొసలూ మంటకు గుండ్రంగా కరిగి ఉన్నాయి. ఒకటి ఆమె రోజూ వాడేది. రెండోది కార్ఖానా మూసేసిన రోజున అందరితో పాటు తనూ చంకన పెట్టుకొచ్చిన కట్టలోది. పొరపాటున కలవకూడదని ఆ కట్టలో ప్రతి కడ్డీకీ ఒక చివర ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి వేరే జాడీలో ఉంచుతుంది. కంటికి రెండూ ఒకటే, మంటలో రెండూ ఒకేలా కారతాయి. చల్లారేటప్పుడు బయటపడుతుంది ఎవరిది ఏ జాతో. లోపలి నీలిగాజు రోజూ వాడే కడ్డీ జాతిదే, దాని మీద కార్ఖానా కడ్డీ పోస్తే ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. వేడి మీద కొత్త దంపతుల్లా ఒకటైపోయినవి వేడి తగ్గాక ఒకదాన్నొకటి పీక్కుంటాయి. అన్నిసార్లూ వెంటనే కాదు, అదీ ఘోరం. ఒక్కోసారి బట్టీలోనే, ఒక్కోసారి వారానికి, ఒక్కోసారి మెళ్ళో వేసుకున్న రెండేళ్ళకు, ఏ దెబ్బా తగలకుండా, ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నం దగ్గర ఉండగా టిక్‌మంటుంది. ఇందాక భోంచేసి వచ్చి బల్ల తుడుస్తుంటే ఎర్రచుక్క కడ్డీ కనబడింది. అది ఇక్కడికెలా వచ్చింది? పోయినవారం పక్కింటావిడ కిటికీకి వేలాడే గాజుచుక్కలు చెయ్యడానికి తనే తీసింది, చేసింది, మళ్ళీ జాడీలో పెట్టేసింది, పెట్టిన చెయ్యి గుర్తుంది. ఆ గుర్తున్న చెయ్యి పోయినవారానిదా, పోయినేడాదిదా? పొద్దున్న పట్టుకున్న కడ్డీకి కింద చుక్క ఉందా? ఎడమచెయ్యి గుర్తుంది, మంట హోరు గుర్తుంది, వాన పడుతుందని రేడియోలో చెబుతున్న మగగొంతు గుర్తుంది, బూడిద గాజుకు అంటుకోగానే రవ్వలు రవ్వలుగా మెరిసి ఆరిపోవడం గుర్తుంది. కడ్డీ ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. ఫోటోలోంచి ఒక్క మనిషిని కత్తెరతో తీసేసినట్టు, చుట్టూ అన్నీ ఉన్నాయి.

నూట నాలుగు. అమ్మకు కూడా గొప్ప మరుపేమీ రాలేదు మొదట్లో. వీధిలో సగం మంది పిల్లలకు స్వెట్టర్లు అల్లిన మనిషి, కాగితం చూసేది కాదు, లెక్క పెదాల మీదే ఉండేది. అరవై రెండో ఏట ఒక చలికాలం మనవరాలు రోవెనా కోసం ఎర్ర స్వెట్టరు మొదలుపెట్టింది. ముందుభాగం అయింది, వీపు అయింది, ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యి అవలేదు. గ్లెనిస్ వెళ్ళి చూసేసరికి ఆ చెయ్యి అమ్మ ఒళ్ళోంచి దిగి, కుర్చీకాళ్ళ చుట్టూ తిరిగి, తివాచీ మీదుగా వంటింటి గడపదాకా పాకి ఉంది. అమ్మ పెదాలు లెక్కపెడుతూనే ఉన్నాయి. ఇంకెంత, మణికట్టు దగ్గరికి వచ్చేశా, అంది. గ్లెనిస్ నవ్వింది. ఆ ఎర్రటి పొడవాటి చేతిని చూసి పడీపడీ నవ్వింది, అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కూతురి మొహంలోకి ఏదో వెతుకుతున్నట్టు చూసింది, అప్పుడు తెలిసింది అమ్మకు ఎందుకు నవ్వుతున్నారో తెలియదని. అప్పటినుంచీ గ్లెనిస్ తన ఇంట్లో ఆ చేతి కోసం వెతుకుతూనే ఉంది. తాళంచెవి కనపడకపోతే ఇదేనా అనుకుంటుంది, పేరు నోటికి రాకపోతే ఇదేనా అనుకుంటుంది. మొన్న రోవెనా ఫోనులో, అమ్మా ఈ సంగతి నిన్ననే చెప్పావు, అంటే, చెప్పానులే, నువ్వు విన్నావో లేదోనని, అని అబద్ధమాడింది. అబద్ధం ఎంత చటుక్కున వచ్చిందో చూసుకుని భయం వేసింది. ఇందాక అన్నం దగ్గర మనసు తనంతట తనే పందెం కట్టేసింది: పూస నిలబడితే చేతులు సరైన కడ్డీనే తీశాయన్నమాట, తను మరిచినా చేతులు మరవలేదన్నమాట. పగిలితే తనకూ ఆ స్వెట్టరు చెయ్యి పొడవు పెరగడం మొదలైందన్నమాట. ఇలాంటి పందేలు పిల్లలు కట్టుకుంటారు. తెలుసు. తెలిసినా విప్పుకోవడం చేతకాలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ముసలాయన చిలక కోసం కాదు తను వణుకుతున్నది. తన కోసం.

ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన పిల్లిలా వచ్చి కాళ్ళకు రాసుకుంది. పగిలితే పగలనీ, రేపు రమ్మంటుంది, సాయంత్రం ఇంకో పూస చేస్తుంది, అదే నీలం, అదే నేరేడుపండంత, లోపల తెల్లటి నలుసులు. పొయ్యిలో ఆపిల్‌కట్టె బూడిద ఉంది. లేదా అరలో వరసగా పొట్లాలున్నాయి, ఒక టీచరుగారి పిల్లి, ఒక స్పానియల్ కుక్క, ఒక కుందేలు, ఎవరి పొట్లంలోంచైనా చిటికెడు. గాజులోకి వెళ్ళాక అన్నీ చలికాలపు ఆకాశంలా ఒకేలా కనబడతాయి. ముసలాయన దాన్ని చొక్కాలోపల వేసుకుంటాడు, వేలితో తడుముకుంటాడు, పెర్సీ అని పిలుస్తాడు, లోపల ఎవరిదో స్పానియల్ పలకదు. చిలకయినా పలకదు కదా. అలా అనుకుంటూ ఉండగానే గ్లెనిస్‌కి తను కుర్చీలో లేనని తెలిసింది. అర ముందు నిలబడి ఉంది. చేతిలో పొట్లం ఉంది, పొట్లం మీద తన అక్షరాలతోనే స్పానియల్ పేరు ఉంది. లేచింది ఎప్పుడో, నాలుగడుగులు వేసింది ఎప్పుడో తెలియలేదు. పొట్లాన్ని వేడి పెనం వదిలినట్టు అరలోకి వదిలింది. అది విప్పి ఉందా కట్టి ఉందా అని మూడుసార్లు చూసింది. కట్టే ఉంది. మూడోసారి చూస్తూ, రెండోసారి చూశానా లేదా అనుకుంది.

ఎనభై తొమ్మిది. షెడ్డు తలుపు మీద చేతికర్ర చప్పుడు.

"బస్సు ముందొచ్చింది, దాంతో నేనూ ముందొచ్చా" అన్నాడు హోరేస్, టోపీ తీసి వాననీళ్ళు గడప బయట దులుపుతూ. "పొమ్మంటావా, ఉండమంటావా?"

"రండి, కూర్చోండి. ఇంకా చల్లారలేదు."

"నేనూ చల్లారలేదు. మీ మిట్ట ఎక్కేసరికి బాయిలర్‌నయ్యా." కుర్చీలో కూలబడి, కోటు జేబులోంచి రుమాలు తీసి, దాని మడతల్లోంచి ఒక గొలుసు బల్ల మీద పోశాడు. మోకులా లావుగా ఉంది. "క్రాడ్లీ హీత్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఓడలకు లంగరు గొలుసులు చేసినవాణ్ణి, చిలక్కి ఒకటి చెయ్యలేనా అనుకున్నా. వంటింటి బల్ల మీద కూర్చుని చేశా. కాస్త బరువైనట్టుంది."

"ఇది వేసుకుంటే మీరు కదల్లేరు హోరేస్ గారూ."

"కదిలి ఎక్కడికెళ్ళాలి గనక."

ఆయన మాట్లాడుతున్నాడు, ఆమె తలాడిస్తోంది, చెవులు మాత్రం బట్టీకే అంటుకుని ఉన్నాయి. బట్టీ ఊరికే ఉండదు, చల్లారుతూ దాని ఇనపరేకులు అక్కడక్కడా టిక్కుమంటూనే ఉంటాయి, అది ఇనుము, ఇప్పుడొచ్చింది ఇనుమే, దీని తర్వాత వచ్చింది? దానికి కాస్త సన్నటి గొంతు ఉందా? గాజు చప్పుడు ఇంకా పదును, పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. హోరేస్ పెర్సీ గురించి చెబుతున్నాడు. పెర్సీ మాటలన్నీ తన భార్య మేబెల్ దగ్గర నేర్చినవే, తన దగ్గర ఒక్కటీ నేర్వలేదు, తనేం మాట్లాడేవాడు గనక, అంటున్నాడు. మేబెల్ పోయి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ సాయంత్రం తలుపు తీయగానే పంజరంలోంచి, బూట్లు విప్పు హోరేస్, అనేది చిలక. టీ చల్లారిపోతోంది, అనేది. ఆఖరి చలికాలంలో మేబెల్‌కి పట్టుకున్న దగ్గు కూడా నేర్చుకుంది, చివర గొంతులో గరగర దాకా.

"తెల్లారి అయిదింటికి లేచి దగ్గేవాడు. ఆవిడ లేచే వేళకి. నేను మంచినీళ్ళు తేవడానికి సగం మెట్లు దిగేవాణ్ణి, అప్పుడు గుర్తొచ్చేది."

"పంజరం మీద గుడ్డ కప్పకపోయారా?"

"దగ్గుతున్న మనిషి మొహం మీద గుడ్డ కప్పుతామా అమ్మాయ్?" కాసేపు గొలుసు సర్దాడు. "బూట్లు విప్పమనేవాడు, విప్పేవాణ్ణి. ఆరేళ్ళలో ఒక్కరోజు తివాచీ తొక్కలేదు. ఇప్పుడు బూట్లతోనే తిరుగుతున్నా. ఎవరూ ఏమీ అనట్లేదు."

అరవై ఏడు. ఆ బట్టీలో ఉన్నది నేరేడుపండంత గాజు కాదు, ఒక ఆడమనిషి దగ్గు, ఒక తివాచీ, చల్లారిపోతున్న టీ, దాని మీద తను ఏదో కడ్డీ పోసి కప్పింది, ఏ కడ్డీయో తెలియదు. అమ్మ ఆ రోజు కూతురి మొహంలో వెతికినట్టు తనూ ఇప్పుడు ఈ ముసలాయన మొహంలో వెతుకుతోంది, ఏం కనబడాలనో తెలియకుండా. చెప్పకు అంటోంది ఒక గొంతు, తలుపు తెరిచాక చూద్దాం, నిలబడితే చెప్పేపనే లేదు. నిలబడినా అది నిలబడినట్టు కాదు కదా అంటోంది ఇంకో గొంతు, అది ఆయన చొక్కాలో టిక్కుమన్నప్పుడు ఏం పట్టుకుంటావు? ఇది కడ్డీ సంగతి, కడ్డీ సంగతి మాత్రమే. కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, అవి ఊరికే ఉండక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, రోవెనాకు చెప్పలేనిది, పరీక్షకు రమ్మని డాక్టరు ఉత్తరం వచ్చినా సొరుగులో తోసేసింది, ఈ దారినపోయే మనిషికి చెప్పడమేమిటి అనుకుంటూ ఉండగానే తన గొంతు తనకు వినిపించింది.

"పొద్దున్న నేను ఏ కడ్డీ వాడానో నాకు గుర్తు లేదు హోరేస్ గారూ."

ఆ ఒక్క ముక్కతో ఆగలేదు. ఎర్రచుక్క సంగతి చెప్పింది, రెండు జాతుల సంగతి చెప్పింది, పూస ఇప్పుడో రేపో ఎప్పుడో పగలవచ్చని చెప్పింది. ఒక్క కడ్డీయే కాదని చెప్పింది. స్పానియల్ పొట్లం చేతిలోకి ఎలా వచ్చిందో చెప్పింది, దేనికి తీసిందో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన బట్టీ అంకెల వైపే చూశాడు. లేచి వెళ్ళిపోతాడనుకుంది. కేకలేస్తాడేమో, వేస్తే బాగుండు అనుకుంది.

"నాకు మేబెల్ గొంతు గుర్తు లేదు" అన్నాడు హోరేస్.

ఆమెకు అర్థం కాలేదు.

"యాభై మూడేళ్ళు కాపురం చేశాం. మొదటిసారి నాతో ఏమందో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, చిప్స్ కొట్టు దగ్గర. నా పొట్లంలో చెయ్యిపెట్టి, ఉప్పు చాల్లేదు, అంది. కాని వినబోతే చిలక గొంతుతో వినిపిస్తోంది. పెళ్ళిరోజు పాదిరీగారి ముందు కూడా చిలకే పలుకుతోంది. ఆవిణ్ణి వాడు దాచిపెట్టాడని మురిసిపోయా ఇన్నాళ్ళూ." చేతికర్ర మొనతో నేలమీద ఏదో రాశాడు, రాసింది తుడిచేశాడు. "దాచిపెట్టలేదు అమ్మాయ్. తినేశాడు. ఇప్పుడు వాడి గొంతు కూడా పల్చబడుతోంది. అది కూడా పోతే ఇంక లోపల ఎవరుంటారో నాకు తెలీదు. అందుకని పూస."

వాన రేకుల మీద పెరిగింది. భయం తగ్గలేదు గ్లెనిస్‌కి, కానీ అది ఇప్పుడు గదిలో ఉంది, కుర్చీ వేసుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. అలా ఎంతసేపో. యాభై అని కనబడ్డప్పుడు అది ఎప్పుడు అయిందో ఇద్దరూ చూడలేదు.

తలుపు ఆమె తీసింది. లోపల గోరువెచ్చటి చీకటి. పుల్ల అలాగే ఉంది, పుల్ల చివర పూస అలాగే ఉంది, గుండ్రంగా, ముక్కలు కాకుండా. అంతటితో నమ్మలేదు. పుల్లను నీళ్ళలో నానబెట్టి, మెల్లగా మెలితిప్పి పూసను ఊడదీసి, తుడిచి, గాజులో దాగిన లాగుడును చూపించే రెండు నల్లటి పలచని బిళ్ళల మధ్య పెట్టి దీపానికి ఎత్తింది. సరైన గాజయితే అంతా నల్లగా ఉండాలి, బూడిద నలుసుల చుట్టూ మాత్రం చిన్న మెరుపులు. మెరుపులున్నాయి. వాటిని చుట్టి, పూస అంచున, గాలివానకు ముందు చంద్రుడి చుట్టూ కట్టే గుడిలాగా ఒక సన్నటి తెల్లని వలయం ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. చేతులు కూడా మరిచాయి, అనుకుంది. ఆ మాట తనకు తనే పూర్తిగా విననిచ్చింది.

"ఎర్రచుక్కదే" అంది. "పగుల్తుంది."

"ఎప్పుడు?"

"తెలీదు. మీరు బస్సెక్కేలోపే పోవచ్చు. పదేళ్ళు ఉన్నా ఉండొచ్చు."

"పదేళ్ళా" అన్నాడు హోరేస్. "నన్నెవరు ఉంచుతారు అన్నాళ్ళు. ఇటివ్వు." పూసలోంచి సన్నటి తీగ దూర్చి లంగరు గొలుసుకు తగిలించుకోవడానికి చాలాసేపు పట్టింది, వేళ్ళు సరిగ్గా వంగలేదు, ఆమె సాయం చేయబోతే మోచేత్తో తోసేశాడు. మెళ్ళో వేసుకుని, చొక్కా గుండీ తీసి లోపలికి వదిలాడు. చల్లగా తగిలిందేమో భుజాలు ఒకసారి ఎగరేశాడు.

"పగిలితే ఊడ్చేయకండి" అంది గ్లెనిస్. "నలుసు కూడా వదలకుండా రుమాల్లోకి ఏరి తీసుకురండి. గాజుగొట్టంలో పోసి మూసిస్తాను. ఎప్పుడైనా సరే తీసుకురండి."

"తెస్తాలే." టోపీ పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "అప్పటికి నన్ను గుర్తుపడతావా?"

ఎందుకు పట్టను అనే మాట నాలుక కొసకు వచ్చింది, ఎప్పటిలాగే చటుక్కున. ఆమె దాన్ని మింగింది.

"చెప్పలేను" అంది.

ఆయన తలాడించాడు, వానలోకి కర్ర ముందు పెట్టాడు. "పట్టకపోతే నేనే చెప్తాలే. హోరేస్‌నని, చిలక మనిషినని. రెండోసారి చెప్పాల్సొచ్చినా చెప్తా, మరేం పర్లేదు."